జీతము వేరు, విలువ వేరు



రెండు నెలల క్రితము ఒక ఆదివారము, ఆరాధన ముగిసి అందరము ఆవరణలో టీ త్రాగుతూ నిలబడి ఉండగా, ఇద్దరి మధ్య మాట పెరిగింది. ఒకరు ఇక్కడే బెంగుళూరులో ప్రైవేటు సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసే యువకుడు. రెండవవారు కేంద్ర ప్రభుత్వ కర్మాగారములో ముప్పై ఆరేండ్లు పనిచేసి విశ్రాంతి తీసుకున్న పెద్దమనిషి.

"అంకుల్, పన్ను కట్టేది మేము, పింఛను తినేది మీరు. మా దగ్గర పని చూపించకపోతే ఆరు నెలలలో ఇంటికి పంపిస్తారు. మీకేమో పని చేసినా చేయకపోయినా ఒకటవ తేదీన జీతము. ఇదేమి న్యాయము?" అన్నాడు యువకుడు.

"బాబూ, నీకు లక్షలిచ్చేవాడు రేపు ఒక ఈమెయిలు పంపి బయటికి పొమ్మంటాడు. మా ఫ్యాక్టరీలు, మా స్కూళ్లు లేకపోతే ఈ ఊరిలో నీ కంపెనీకి చదువుకున్నవాడు ఎవడు దొరికేవాడు?" అన్నారు పెద్దాయన.

చుట్టూ ఉన్నవారు నవ్వారు గాని వారిద్దరూ నవ్వలేదు. "మాస్టారూ, మీరే తీర్పు చెప్పండి" అని నా వైపు తిరిగారు. అప్పటికప్పుడు నాకు మాట తోచలేదు. ఆలోచించి మన పత్రికకు వ్రాస్తానని చెప్పి తప్పించుకున్నాను. మేము మాట్లాడుకుంటున్నంతసేపు మన ఆవరణ ఊడ్చే అమ్మ మా మధ్య నుండే వంగి ఖాళీ కప్పులు ఏరుకుంటూ ఉన్నది. ఆమె సంగతి చివర చెబుతాను.

ముందుగా నేను ఎవరి పక్షమో దాచకుండా చెప్పాలి. నేను ప్రభుత్వ పింఛను తినేవాడినే. మా నాయన చిత్తూరు జిల్లా పల్లె నుండి కోలారు బంగారు గనులకు వచ్చి, భూమి లోపల పనిచేసి మమ్మును పెంచాడు. నేను ఉపాధ్యాయ శిక్షణ ముగించి, మొదట ఒక ప్రైవేటు పాఠశాలలో చేరాను. అక్కడ రిజిస్టరులో ఒక అంకెకు సంతకము, చేతికి వచ్చేది మరొక అంకె. వేసవి సెలవులకు జీతమే లేదు. నాలుగేండ్ల తరువాత ప్రభుత్వ పాఠశాలలో ఉద్యోగము దొరికింది. జీతము ఎన్నో రెట్లు పెరిగింది. అయితే నేను చెప్పే ఎక్కము అదే, దిద్దే పలక అదే. జూన్ నెలలో నేను ఏప్రిల్ కంటే మంచి ఉపాధ్యాయుడను అయిపోలేదు. ఆ దినమునుండే ఈ ప్రశ్న నాలో ఉన్నది: జీతము దేనిని కొలుస్తుంది?

నా తమ్ముడు నాయన దారిలోనే గనిలో చేరాడు. నాకంటే కష్టమైన పని, నాకంటే ప్రమాదమైన పని. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతు. ప్రపంచములోని మిక్కిలి లోతైన గనులలో అది ఒకటి. అక్కడి వేడి, రాతి ధూళి, రాయి పగిలి మీద పడే భయము, ఇవన్నీ మా ఇండ్లలో అందరికీ తెలిసినవే. ఊరంతా మమ్మును చూచి "అన్నదమ్ములిద్దరూ సర్కారు కొలువు. ఇంకేమి కావాలి?" అనేది. 2001 ఫిబ్రవరి 28తో గనులు మూతబడ్డాయి. తమ్మునికి అప్పటికి నలభై ఏండ్లు రాలేదు. మారికుప్పము నుండి చీకటితోనే బయలుదేరే రైలెక్కి బెంగుళూరు వచ్చి, ఒక ప్రైవేటు ఏజెన్సీ క్రింద కాపలా పనిలో చేరాడు. నేడు నేను పింఛనుతో ఇంట కూర్చొని ఈ వ్యాసము వ్రాస్తున్నాను. వాడు అరవై దాటి కూడ పన్నెండు గంటల డ్యూటీ చేస్తున్నాడు. మా ఇద్దరిలో ఎవరి పని విలువ ఎక్కువ? ఈ ప్రశ్న ఎదుట నేను తల ఎత్తలేను.

ఆ గనుల లెక్కలోనే మనము నేర్చుకోదగిన పాఠము ఒకటున్నది. 1956లో మైసూరు ప్రభుత్వము, 1962లో కేంద్ర ప్రభుత్వము వాటిని చేతికి తీసుకున్నాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ అనే ప్రభుత్వ రంగ సంస్థ ఏర్పడింది. అరవయ్యవ దశకములో అక్కడ తీసిన బంగారమును బజారు ధరకు అమ్ముకొనే వీలు లేదు. బజారు ధరకంటే ఎంతో తక్కువగా ఉన్న అంతర్జాతీయ అధికార ధరకు ప్రభుత్వమునకు అప్పగించవలసి ఉండేది. బంగారము అదే, ధరలు మాత్రము రెండు. తక్కువ ధరతో లెక్క వేస్తే పుస్తకములో నష్టము కనబడింది. తరువాతి కాలములో రాతిలో బంగారము పాలు తగ్గడము, లోతు పెరిగి ఖర్చు హెచ్చడము కూడ నిజమే. ఆ సంగతి దాచను. అయినను "ప్రభుత్వ రంగమంటే నష్టము" అని ఒక్క మాటలో తేల్చేవారు, ఆ నష్టము ఏ తూకముతో తూచారో కూడ అడగాలి. బంగారమునకే ధర వేరు, విలువ వేరు అయినప్పుడు మనిషి చాకిరి సంగతి చెప్పాలా?

ఇక ప్రైవేటు వ్యాపారమును నిందించడము కూడ నా ఉద్దేశము కాదు. టెలిఫోను కోసము దరఖాస్తు పెట్టి ఏండ్ల తరబడి ఎదురుచూచిన దినములు పెద్దలకు జ్ఞాపకమే. పోటీ వచ్చిన తరువాత ఫోను కూలివాని చేతికి కూడ వచ్చింది. వ్యాపారి తన సొమ్ము పెట్టి, నిద్ర మానుకొని, నష్టము వస్తే తానే భరిస్తాడు. మన సంఘములోనే చిన్న కొట్టు పెట్టుకొని నలుగురికి పని ఇచ్చిన సహోదరులున్నారు. వారికి ఒకటవ తేదీ అంటే జీతము వచ్చే దినము కాదు, జీతములు ఇవ్వవలసిన దినము. ఆ భారము మోసినవానికే తెలుస్తుంది. వారు కట్టే పన్ను నుండే నా పింఛను వస్తున్నది గనుక యువకుని మాటలో సత్యమున్నది.

పెద్దాయన మాటలోను సత్యమున్నది. ఈ బెంగుళూరు చదువుల ఊరుగా, యంత్రముల ఊరుగా ఎట్లు మారింది? 1948లో ఐ.టి.ఐ., 1953లో హెచ్.ఎం.టి., 1954లో బి.ఇ.ఎల్. ఇక్కడ వెలిశాయి. వాటిలో పనిచేసినవారి పిల్లలు ఇంజనీర్లయ్యారు. అయితే హెచ్.ఎ.ఎల్. సంగతి చూడండి. 1940లో దానిని మొదలుపెట్టినది వాల్‌చంద్ హీరాచంద్ అనే వ్యాపారి. మైసూరు సంస్థానము అందులో సొమ్ము పెట్టింది. తరువాత అది ప్రభుత్వపరమయింది. కాబట్టి ఒకరి అన్నము మరొకరు తింటున్నారని పోట్లాడుకోవడము అన్నదమ్ములు ఒకే కంచము కోసము పోట్లాడుకొన్నట్లే. పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్లు, ప్రైవేటు ఉద్యోగి సర్కారు వాని భద్రతను చూచి, సర్కారు ఉద్యోగి ప్రైవేటు వాని జీతమును చూచి నిట్టూర్పు విడుస్తూ ఉంటారు.

ఇప్పుడు అంకెలకు వస్తాను. 7వ వేతన సంఘము 2015 నవంబరులో ఇచ్చిన నివేదికలో ఒక పోలిక ఉన్నది. సంఘము అహ్మదాబాదులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్ చేత అధ్యయనము చేయించింది. కేంద్ర ప్రభుత్వములో అట్టడుగు మెట్టున ఉన్న సహాయకునికి అన్నీ కలిపి నెలకు 22,579 రూపాయలు వస్తుండగా, అటువంటి పని చేసేవానికి వారు చూచిన ప్రైవేటు సంస్థలలో 8,000 నుండి 9,500 రూపాయలే వస్తున్నవని తేలింది. పై మెట్లలో ఇది తారుమారు అవుతుంది. ఆ సంఘము సిఫారసు ప్రకారము 2016 జనవరి 1 నుండి కేంద్ర ప్రభుత్వములో అతి తక్కువ మూల వేతనము 18,000, అందరికంటే పైనున్న క్యాబినెట్ కార్యదర్శికి 2,50,000. అంటే సుమారు పద్నాలుగు రెట్లు. పెద్ద ప్రైవేటు కంపెనీలలో పైవానికి, సామాన్య ఉద్యోగికి మధ్య ఎడము వందల రెట్లు ఉండడము అరుదు కాదు.

ఈ అంకెలు చూచి యువకుడు ఏమంటాడో నాకు తెలుసు. "చూచారా మాస్టారూ, తొమ్మిది వేలకు దొరికే పనికి ప్రభుత్వము ఇరవై రెండు వేలు ఇస్తున్నది. ఇది వృథా కాదా?" అంటాడు. లెక్కలో తప్పు లేదు. నేను అడిగేది వేరు. తొమ్మిది వేలకు మనిషి దొరుకుతాడు సరే, ఆ తొమ్మిది వేలతో ఒక ఇల్లు నడుస్తుందా? బజారు చెప్పేది ఒక్కటే: ఈ మనిషి పోతే మరొకడు ఎంత తక్కువకు దొరుకుతాడో చెబుతుంది. గేటు బయట ఆకలితో పదిమంది నిలబడి ఉంటే లోపలివాని జీతము తగ్గుతుంది. ఆ మనిషి చేసిన పని విలువ మాత్రము దానివలన తగ్గలేదు.

జీతమును బజారుతో గాక ఇంటితో కొలిచే పద్ధతి మన దేశములో ఎప్పటినుండో ఉన్నది. ప్రభుత్వము, యజమానులు, కార్మికులు, మూడు పక్షములు కలిసి కూర్చున్న 15వ భారత కార్మిక సదస్సు 1957లో దానిని ఒప్పుకున్నది. కూనూరులోని పోషకాహార పరిశోధనాలయమునకు అధిపతిగా పనిచేసిన డాక్టర్ వాలెస్ ఐక్రాయిడ్ వేసిన ఆహారపు లెక్క దానికి ఆధారము. ఆ పరిశోధనాలయమే 1958లో మన హైదరాబాదుకు తరలివచ్చి, తరువాత జాతీయ పోషకాహార సంస్థగా పేరు పొందింది. ఆ లెక్కలో భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు కలిసి మూడు వంతులు. ఒక్కొక్క వంతుకు దినమునకు 2,700 క్యాలరీల ఆహారము, కుటుంబమునకు సంవత్సరమునకు 72 గజముల బట్ట, ఇంటి అద్దె, వంటచెరకు, దీపము ఇవన్నీ కలిపితే వచ్చేది కనీస వేతనము. 1991లో ఒక ప్రైవేటు కంపెనీ కార్మికుల వ్యాజ్యములో సుప్రీంకోర్టు పిల్లల చదువు, వైద్యము, పండుగలు, వృద్ధాప్యము మొదలైనవాటి కోసము మరొక 25 శాతము అందులో చేర్చాలన్నది. 7వ వేతన సంఘము 18,000 నిర్ణయించినది కూడ బియ్యము, పప్పు, కూరగాయలు, పాలు, బట్ట అని ఈ కొలతతో లెక్కించియే.

కనుక ఆ 22,579 దయాదానము కాదు, దోపిడీ సొమ్ము కాదు. ఒక మామూలు కుటుంబము తల ఎత్తుకొని బ్రతకడానికి దాదాపు కావలసినది. తప్పు ఇరవై రెండు వేలలో లేదు, తొమ్మిది వేలలో ఉన్నది. రెండు గోడలు ఎత్తు తప్పి ఉంటే పొట్టిదానిని లేపాలి గాని పొడుగుదానిని పడగొట్టి ఇల్లు కట్టలేము.

ద్రాక్షతోట యజమాని ఉపమానము మనమందరము ఎరిగినదే. సాయంకాలము వచ్చినవానికి కూడ ఉదయము వచ్చినవానితో సమానముగా ఒక దేనారము ఇచ్చాడు. ఇది అన్యాయమని చిన్నతనములో నాకు అనిపించేది. పెద్దవాడనై ఇల్లు నడిపిన తరువాత తెలిసింది. దేనారము ఆ కాలములో ఒక దినపు కూలి, ఒక ఇంటి ఆ పూట కూడు. సంత వీధిలో ఎవరూ పిలువక నిలబడిపోయినవాని పిల్లలకు కూడ ఆకలి పూర్తిగానే వేస్తుంది.

మన కన్నుల ఎదుట జరిగిన సంగతి ఒకటి చెబుతాను. బెంగుళూరు వీధులు ఊడ్చే పౌరకార్మికులలో తెలుగు మాట్లాడే కుటుంబములవారు ఎందరో ఉన్నారు. ఏండ్ల తరబడి వారు కాంట్రాక్టరుల చేతి క్రింద ఉన్నారు. అదే వీధిలో పర్మనెంటు మనిషి ఊడ్చే చీపురు, కాంట్రాక్టు మనిషి ఊడ్చే చీపురు ఒకటే, జీతము మాత్రము వేరు. సమాన పనికి సమాన వేతనము తాత్కాలిక ఉద్యోగులకు కూడ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2016 అక్టోబరులో పంజాబు రాష్ట్రపు వ్యాజ్యములో తీర్పు చెప్పింది. 2022 జూలైలో కర్ణాటక పౌరకార్మికులు సమ్మె చేశారు. 2025 మే 1వ తేదీన బెంగుళూరులో 12,000 మందికి పైగా శాశ్వత నియామక పత్రములు అందుకున్నారు. ఏప్రిల్ 30న వారు ఊడ్చిన వీధికి, మే 2న ఊడ్చిన వీధికి తేడా ఏమున్నది? విలువ మొదటినుండి ఉన్నదే. దానిని ఒప్పుకొనడానికి ఇన్నేండ్లు పట్టింది.

ఆ విలువ 2020లో అందరికీ తెలిసింది. కరోనా కాలములో మనము తలుపులు మూసుకొని కూర్చుంటే వారు వీధిలోకి వచ్చారు. నా బోటి ప్రభుత్వ ఉపాధ్యాయునికి పాఠశాల మూసి ఉన్నను జీతము వచ్చింది. ప్రైవేటు పాఠశాలల ఉపాధ్యాయులు ఎందరో జీతము లేక కూలికి పోయారు, కూరగాయలు అమ్మారు. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వము గుర్తింపు పొందిన ప్రైవేటు పాఠశాలల సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యము ప్రకటించవలసివచ్చింది. శిక్షణ మాకూ వారికీ ఒకటే. బ్లాక్ బోర్డు ఎదుట నిలబడే కాళ్లు ఒకటే. ఆ వార్త చదివిన దినము నా మొదటి పాఠశాల జ్ఞాపకము వచ్చి అన్నము సయించలేదు.

ఇంతవరకు చదివి మన ప్రభుత్వ ఉద్యోగులు సంతోషిస్తున్నారేమో. ఇకమీదటి మాట మనకే. భద్రమైన జీతము మన తెలివికి వచ్చిన బహుమానము కాదు, ప్రజలు నమ్మి అప్పగించిన సొమ్ము. కొట్టువాడు సరుకు ఇవ్వకుండ డబ్బు తీసుకుంటే మోసము అంటాము. మరి పని ఇవ్వకుండ జీతము తీసుకోవడమునకు ఏ పేరు పెట్టాలి? గంట కొట్టకముందే సంచి సర్దుకున్న దినములు నాకూ ఉన్నవి. పాఠము చెప్పకుండ రిజిస్టరులు నింపుకుంటూ గడిపిన మధ్యాహ్నములు ఉన్నవి. ఆ మధ్యాహ్నముల జీతము కూడ నేను తీసుకున్నాను. నా ఎదుట కూర్చున్న పిల్లలు ఫీజు కట్టలేక ప్రభుత్వ బడికి వచ్చినవారు. వారికి మరొక బడి లేదు. కార్యాలయములో పేదవానిని పది సార్లు త్రిప్పే గుమాస్తా, తొమ్మిది వేల జీతమే చాలునని వాదించేవానికి తన చేతితో సాక్ష్యము వ్రాసి ఇస్తున్నాడు. సర్కారు జీతమును సమర్థించుకోవడానికి సంఘములు, సమ్మెలు చాలవు. సరిగా చేసిన పనియే దానికి జవాబు.

వ్యాపారము చేసే సహోదరులకు కూడ ఒక మాట. నష్టము మీదైనట్లే లాభము కూడ మీదే, కాదనను. అయితే ఆ లాభము మీ దగ్గర పనిచేసేవాని పిల్లల పాల నుండి రాకూడదు. ప్రావిడెంటు ఫండు కట్టకుండ తప్పించుకోవడము తెలివి కాదు. ఆ పథకములో ఉన్నవారికి కూడ కనీస పింఛను 2014లో నిర్ణయించినది నెలకు 1,000 రూపాయలే. అసలు కట్టనివానికి ముసలితనములో ఏమి ఉంటుంది? నా తమ్ముని ఏజెన్సీ వారు కొన్నేండ్లు ఆ సొమ్ము కట్టనే లేదు. వాడు అడుగలేదు, అడిగితే పని పోతుందని.

ఇక ఆ కప్పులు ఏరుకున్న అమ్మ సంగతి. ఈ వ్యాసము వ్రాద్దామని అంకెలు పోగుచేస్తూ ఉండగా, మన ఆవరణ శుభ్రము చేసినందుకు ఆమెకు ఎంత ఇస్తున్నామో చూద్దామని లెక్కల పుస్తకము తెరిచాను. ఆ అంకె ఇక్కడ వ్రాయడానికి సిగ్గుగా ఉన్నది. గత సంవత్సరము కమిటీలో దానిని నిర్ణయించినప్పుడు నేనూ ఉన్నాను. అయిదు నిమిషములు పట్టలేదు. "బయట ఎంత ఇస్తున్నారు?" అని ఒకరు అడిగారు, ఒకరు చెప్పారు, దానికి రెండు వందలు కలిపి మనము ఉదారులమని తృప్తిపడ్డాము. ఆ కమిటీలో పింఛనుదారులము నలుగురము ఉన్నాము, కరువు భత్యము ఒక్క నెల ఆలస్యమైతే సణిగే వారము. ఆమె ఇంట బియ్యము ఎంత, అద్దె ఎంత అని ఎవరమూ అడుగలేదు. ప్రభుత్వము నుండి పుచ్చుకునేటప్పుడు ఐక్రాయిడ్ లెక్క, ఇచ్చేటప్పుడు బజారు లెక్క. ఇదే మన తీరు.

కాబట్టి యువకునికి, పెద్దాయనకు నా తీర్పు ఇది. మీరిద్దరూ సరిగానే మాట్లాడారు, ఇద్దరూ మరొకని జీతము గురించి మాట్లాడారు. ప్రభుత్వమైనా ప్రైవేటైనా, పుచ్చుకునేవాడు "ఈ జీతమునకు తగిన పని చేశానా?" అని, ఇచ్చేవాడు "ఈ జీతముతో ఒక ఇల్లు నడుస్తుందా?" అని తన్ను తాను అడుగుకోవాలి. ఈ రెండు ప్రశ్నలు మారితేనే గొడవ. మనము తరచు అటువాని పనిని, ఇటు మన జీతమును అడుగుతూ ఉంటాము.

వచ్చే కమిటీ సమావేశములో ఆమె జీతము సంగతి నేనే లేవనెత్తుతాను. అంతకుముందు ఆమెను కూర్చోబెట్టి ఇంటి ఖర్చు అడుగుతాను. నేను మరచిపోతే ఈ పత్రిక చేతిలో పెట్టి గుర్తుచేయండి. మీ ఇండ్లలో పనిచేసే వారి సంగతి కూడ ఈ నెల ఒక కాగితము మీద లెక్క వేసి చూడండి. బియ్యముతో మొదలుపెట్టండి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, సంఘ పెద్ద
బెంగుళూరు